రక్షణ నిశ్చయత, అనుదిన ఆనందం: ఉత్తరాంధ్ర సంఘాల్లో సాగుతున్న ఒక పాత చర్చ

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోని క్రైస్తవ కుటుంబాల మధ్య పెళ్లి సంబంధం కుదిరినప్పుడో, ఎవరైనా ఒక సంఘం విడిచి మరో సంఘంలో చేరినప్పుడో, ఉజ్జీవ సభ ముగిశాక జనం ఆరుబయట గుంపులుగా నిలబడినప్పుడో తరచుగా పైకి వచ్చే ప్రశ్న ఒకటి ఉంది. ఒకసారి పొందిన రక్షణ మళ్లీ పోతుందా, పోదా అన్నదే ఆ ప్రశ్న. బాప్టిస్టు సంఘాల్లో పెరిగినవారు చాలావరకు పోదనే అంటారు. పెంతెకోస్తు బోధ వింటూ వచ్చినవారు చాలావరకు పోయే ప్రమాదం ఉందని హెచ్చరిస్తారు. కతోలిక విచారణల్లో, అంటే గురువుల కింద ఉండే స్థానిక సంఘాల్లో, ఈ ప్రశ్న ఇదే రూపంలో వినిపించదు. కృపలో నిలిచి ఉండడం, గురువు ముందు పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనం, మంచి మరణం వంటి మాటల్లో అక్కడ అదే ఆందోళన వ్యక్తమవుతుంది. ఇది వేదాంత కళాశాలలకు పరిమితమైన తగవు అనుకోవడం సరికాదు. ఈ ప్రశ్నకు తనలో తాను చెప్పుకునే జవాబును బట్టి ఒక విశ్వాసి ఉదయం నిద్రలేచే తీరూ, తప్పు చేసిన రోజు రాత్రి ప్రార్థించే తీరూ, జబ్బుపడిన బిడ్డ పక్కన కూర్చునే తీరూ మారిపోతాయి. రోజువారీ జీవితంలో ఆనందం నిలవడానికి ఈ చర్చలో ఎవరు గెలిచారన్నదానికంటే, వారి బోధ విశ్వాసి చూపును ఎటు తిప్పుతున్నదన్నదే ముఖ్యమని చరిత్రనూ లేఖనాలనూ కలిపి చూస్తే తెలుస్తుంది.

ఈ భిన్నాభిప్రాయాలు ఈ నేల మీద పుట్టినవి కావు, ఒకే దారిన వచ్చినవీ కావు. లండన్ మిషనరీ సొసైటీ వారు 1805లో విశాఖపట్నంలో పని మొదలుపెట్టారు. వారు పసిపిల్లలకు కూడా బాప్తిస్మం ఇచ్చే సంప్రదాయానికి చెందినవారు. ఉత్తరాన కటక్‌లో 1822లో అడుగుపెట్టినవారు ఇంగ్లండుకు చెందిన జనరల్ బాప్టిస్టులు. క్రీస్తు అందరి కోసం మరణించాడనీ, విశ్వాసి తన ఇష్టంతో కృపను విడిచిపెట్టగలడనీ ఆ శాఖ మొదటినుంచీ బోధించింది. 1846లో ఫ్రాన్సు, స్విట్జర్లాండు సరిహద్దుల్లోని సవాయ్ ప్రాంతం నుంచి కతోలిక గురువులు విశాఖపట్నం వచ్చారు. ఆ పని విస్తరించి 1993లో శ్రీకాకుళం ప్రత్యేక మేత్రాసనం (బిషప్పు పాలనలోని ప్రాంతం) అయింది. 1870లలో కెనడా తూర్పు తీరపు బాప్టిస్టులు మొదట సయాం (నేటి థాయిలాండ్) దేశానికి వెళ్లి, అక్కడ అనుకున్న పని కుదరక తెలుగు నేలకు మళ్లి, భీమునిపట్నం, శ్రీకాకుళం, బొబ్బిలి కేంద్రాలుగా స్థిరపడ్డారు. పెంతెకోస్తు సంఘాలు, స్వతంత్ర సహవాసాలు ఆ తర్వాతి శతాబ్దంలో వ్యాపించాయి. నాగావళికీ వంశధారకూ నడుమనున్న ఒక చిన్న పట్టణంలో నేడు ఒకే వీధిలో వినిపించే నాలుగు రకాల జవాబుల వెనుక ఇన్ని ప్రయాణాలు ఉన్నాయి.

లేఖనాల దగ్గరికి వస్తే, ఏ పక్షమూ వట్టి చేతులతో లేదు. తన గొర్రెలను తన చేతిలోనుండి ఎవరూ అపహరించలేరని యోహాను సువార్త 10వ అధ్యాయంలో క్రీస్తు చెప్పిన మాట, మరణమైనా జీవమైనా మరే సృష్టి అయినా దేవుని ప్రేమనుండి ఎడబాపలేవని రోమా పత్రిక 8వ అధ్యాయం చివర పౌలు రాసిన మాట, రక్షణ పోదనేవారికి పునాదిరాళ్లు. ఒకసారి వెలిగింపబడి పరలోక వరాన్ని రుచిచూసి తప్పిపోయినవారి గురించి హెబ్రీ పత్రిక 6వ అధ్యాయం చేసే హెచ్చరిక, బుద్ధిపూర్వకంగా పాపం చేసేవారి గురించి అదే పత్రిక 10వ అధ్యాయం పలికే తీవ్రమైన మాటలు రెండో పక్షానికి ఆధారం. ఈ రెండు రకాల వాక్యాలూ ఒకదాని పక్కన ఒకటి నిలిచిన చోటు 51వ కీర్తన. ఘోరమైన పాపం చేసిన దావీదు 11వ వచనంలో నీ పరిశుద్ధాత్మను నా యొద్దనుండి తీసివేయకుము అని వేడుకుంటాడు. వెంటనే 12వ వచనంలో నీ రక్షణానందము నాకు మరల పుట్టించుము అని అడుగుతాడు. పోగొట్టుకోవచ్చునన్న భయం మొదటి వాక్యంలో ఉంది. పోయింది రక్షణ కాదు, అందులోని ఆనందమే అన్న ధ్వని రెండో వాక్యంలో ఉంది. ఒకే మనిషి ఒకే ప్రార్థనలో రెండింటినీ పలికాడంటే, భయానికీ భరోసాకూ నడుమ గీత గీసి విశ్వాసులను అటొకరినీ ఇటొకరినీ నిలబెట్టడం ఎంత కష్టమో అర్థమవుతుంది.

ఐరోపాలో ఈ చర్చ పదునెక్కిన కాలాన్ని పరిశీలిస్తే, ఇక్కడి వేదికల మీద వినిపించేంత ధీమా అప్పటి పెద్దల రాతల్లో కనిపించదు. 1547లో కతోలిక సంఘపు ట్రెంట్ మహాసభ, దేవుడు ప్రత్యేకంగా బయలుపరిస్తే తప్ప, తాను తుదివరకు నిలుస్తానని ఎవరూ సంపూర్ణ నిశ్చయతతో చెప్పుకోరాదని తీర్మానించింది. 1609లో మరణించిన డచ్ వేదాంతి యాకోబ్ అర్మీనియస్‌ను రక్షణ పోతుందని బోధించినవారికి మూలపురుషుడిగా చూపడం మామూలే. కానీ ఆయన అనుచరులు 1610లో సమర్పించిన అయిదు అంశాల పత్రంలో చివరి అంశం ఈ ప్రశ్నను తేల్చలేదు. నిజ విశ్వాసి పూర్తిగా తప్పిపోగలడా లేదా అన్నది లేఖనాలనుంచి ఇంకా జాగ్రత్తగా పరిశీలించవలసి ఉందని మాత్రమే చెప్పింది. వారికి జవాబుగా 1618-19లో సమావేశమైన డచ్ ప్రొటెస్టంటు సంఘపు డోర్ట్ మహాసభ, ఎన్నుకోబడినవారు తుదివరకు కాపాడబడతారని గట్టిగా చెబుతూనే, విశ్వాసులు ఈ లోకంలో రకరకాల సందేహాలతో పోరాడవలసి ఉంటుందనీ, ఆ నిశ్చయత అన్నివేళలా అనుభవంలోకి రాదనీ ఒప్పుకుంది. 1646లో ఇంగ్లండులో రూపొందిన వెస్ట్‌మినిస్టర్ విశ్వాస ప్రమాణం మరో అడుగు ముందుకు వేసి, నిజమైన విశ్వాసి కూడా ఈ నిశ్చయత కోసం చాలాకాలం ఎదురుచూడవలసి రావచ్చునని రాసింది. అంటే రక్షణ వేరు, రక్షణ కలిగిందన్న ఎరుక వేరు అని ఆ పక్షంవారే ఒప్పుకున్నారు. ఈ సూక్ష్మభేదం సముద్రాలు దాటి వచ్చేటప్పటికి చాలా చోట్ల జారిపోయింది. అది తిరిగి బోధలోకి రావడం అత్యవసరం. ఆ భేదం తెలియని విశ్వాసి ఒకరోజు మనసు బరువెక్కితే తన రక్షణే అబద్ధమేమోనని తల్లడిల్లిపోతాడు.

ఈ తల్లడింపు ఎలాంటిదో, దానినుంచి మనిషి ఎలా బయటపడగలడో తెలుసుకోవడానికి ఉత్తరాంధ్ర కతోలికులకు దగ్గరి సంబంధమున్న ఒక జీవితం ఉంది. 1846లో విశాఖ వచ్చిన గురువుల సభ 1838లో ఆన్సీ పట్టణంలో ఏర్పడింది; ఆ సభకు పెట్టినది పునీత ఫ్రాన్సిస్ డి సేల్స్ పేరు. 1567లో సవాయ్‌లో ఒక సంపన్న కుటుంబంలో పుట్టిన ఫ్రాన్సిస్ చదువు కోసం పారిస్ వెళ్లాడు. ఆ రోజుల్లో అక్కడి విద్యాసంస్థల్లో ఎవరు రక్షణ పొందుతారో దేవుడు ముందే నిర్ణయించాడనే ముందు నిర్ణయం గురించిన వాదోపవాదాలు హోరెత్తుతున్నాయి. ఇరవై ఏళ్లు కూడా నిండని ఆ విద్యార్థికి తాను నరకానికి నిర్ణయింపబడినవారిలో ఉన్నానేమోనన్న భయం పట్టుకుంది. వారాల తరబడి తిండి సహించక, నిద్ర పట్టక చిక్కిపోయాడు. చివరకు ఒక దేవాలయంలో మోకరించి, నిత్యత్వంలో నిన్ను ప్రేమించే భాగ్యం నాకు లేకపోతే కనీసం ఈ జీవితంలోనైనా నిన్ను ప్రేమించనిమ్మని వేడుకున్నాడు. ఆ ప్రార్థనతో ఆ బరువు దిగిపోయిందని ఆయన జీవిత చరిత్రకారులు చెబుతారు.

ఈ సంఘటనలో గమనించవలసింది ఏమిటంటే, ఫ్రాన్సిస్ అడిగిన ప్రశ్నకు జవాబు దొరకలేదు. నేను ఎన్నుకోబడ్డానా లేదా అన్నది అప్పటికీ తేలలేదు. తేలకుండానే ఆయన చూపు తన పేరు ఏ జాబితాలో ఉందన్న విచారణనుంచి దేవుని మంచితనం వైపుకు మళ్లింది, ఆనందం ఆ వెనుకే వచ్చింది. తరువాత 1602లో ఆయన జెనీవా మేత్రాణి (బిషప్పు) అయ్యాడు. ఆ నగరం ప్రొటెస్టంటు సంస్కర్త కాల్విన్ అనుచరుల చేతిలో ఉన్నందున ఆన్సీలోనే ఉండి పనిచేశాడు. 1609లో గృహస్థుల కోసం ఆయన వెలువరించిన భక్తి గ్రంథం, భక్తి మఠవాసుల సొత్తు కాదనీ, సైనికుడూ చేతిపనివాడూ ఇల్లాలూ ఎవరి బతుకులో వారు దానిని సాధన చేయవచ్చుననీ, దిగులుముఖంతో కనిపించే భక్తి అసలు భక్తి కాదనీ బోధించింది. ఒక సిద్ధాంత భయంలో నలిగిన మనిషే అనుదిన ఆనందానికి ఆచార్యుడు కావడం యాదృచ్ఛికం కాదు. ఆయన పేరుతో ఈ తీరానికి వచ్చిన గురువుల ద్వారా ఆ ధోరణి ఇక్కడి కతోలిక భక్తిలో ఎంతో కొంత నిలిచింది. బాప్టిస్టు, పెంతెకోస్తు పాస్టర్లు కూడా ఈ జీవితాన్ని చదవడం మేలు.

కృప ఎంత, మనిషి ప్రయత్నం ఎంత అన్న విచారణ క్రైస్తవులకే పరిమితం కాదన్నది శ్రీకూర్మం వంటి వైష్ణవ క్షేత్రమున్న జిల్లాలో చెప్పవలసిన పని లేదు. శ్రీవైష్ణవుల్లో వేదాంత దేశికుల అనుయాయులు మర్కట కిశోర న్యాయాన్నీ, పిళ్లై లోకాచార్యుల అనుయాయులు మార్జాల కిశోర న్యాయాన్నీ చెబుతారు. కోతిపిల్ల తల్లిని తానే కరుచుకుని ఉండాలి. పిల్లికూనను తల్లే నోట కరుచుకుని మోసుకుపోతుంది. రెండు మతాల సిద్ధాంతాలూ ఒకటేనని చెప్పడానికి ఇది చాలదు. అక్కడి శరణాగతి, ఇక్కడి రక్షణ వేర్వేరు నమ్మకాల్లో పాతుకున్నవి. అయితే పొరుగున తరతరాలుగా ఉన్న ఈ పోలిక తెలిసిన క్రైస్తవుడికి డోర్ట్ తీర్మానాలకంటే ఇదే త్వరగా అర్థమవుతుంది. పోలికలోని రెండు పిల్లలూ ఉన్నది తల్లి దగ్గరే అన్న సంగతి కూడా అందులోనే ఉంది.

రెండు పక్షాల బోధల్లోనూ ఆనందాన్ని చెడగొట్టే మలుపులు ఉన్నాయి. హెచ్చరికనే పనిగా పెట్టుకున్న బోధలో, ప్రతి సభలోనూ చేయెత్తి మళ్లీ మళ్లీ మారుమనస్సు పొందే యువకులు తయారవుతారు. నిన్నటి ఒప్పుకోలు నేడు చెల్లదేమోనన్న అనుమానంతో వారు బతుకుతారు. సినిమా చూసిన రోజున, పొరుగువారితో మాట తూలిన రోజున, ఉపవాసం తప్పిన రోజున వారికి దేవుని ముఖం కోపంగానే కనిపిస్తుంది. ఇంకోవైపు, భరోసాను మాత్రమే పంచే బోధలో, ఎన్నడో తీసుకున్న బాప్తిస్మమూ సంఘం రిజిస్టరులోని పేరూ చాలుననుకుని, కట్నం విషయంలోనూ కులం విషయంలోనూ లోకానికి ఏమాత్రం తీసిపోకుండా నడుచుకునేవారు తయారవుతారు. మొదటివారికి ఆనందం దొరకదు. రెండోవారికి దొరికేది కేవలం నిర్లక్ష్యపు నెమ్మది. భయం విషయంలో సంఘాలు ఎక్కువ జాగ్రత్త పడవలసి ఉంది. నిర్లక్ష్యాన్ని మందలింపు కదిలించగలదు కానీ, భయానికి అలవాటుపడిన మనసును మందలింపు మరింత బిగిస్తుంది.

ఆనందం గురించి కొత్త నిబంధనలో అందరికీ తెలిసిన మాట ఫిలిప్పీ పత్రిక 4వ అధ్యాయం 4వ వచనం: ఎల్లప్పుడును ప్రభువునందు ఆనందించుడి. గోడల మీదా క్యాలెండర్ల మీదా కనిపించే ఈ వాక్యాన్ని దాని చుట్టూ ఉన్న సంగతులతో కలిపి చదివేవారు తక్కువ. పౌలు ఆ ఉత్తరం బంధకాల్లో ఉండి రాశాడు. దానికి రెండు వచనాల ముందు, ఆ సంఘంలో మనస్పర్థలు వచ్చిన యువొదియ, సుంటుకే అనే ఇద్దరు స్త్రీలను పేర్లతో పిలిచి, ఏకమనస్సు కలిగి ఉండమని బతిమాలాడు. 2వ అధ్యాయంలో, చావుకు దగ్గరగా జబ్బుపడిన ఎపఫ్రొదితు పోయి ఉంటే తనకు దుఃఖం మీద దుఃఖం కలిగేదని దాచుకోకుండా రాశాడు. 4వ అధ్యాయం 11వ వచనంలో, ఏ స్థితిలో ఉన్నా సంతృప్తి కలిగి ఉండడం నేర్చుకున్నానన్నాడు. అంటే అది పుట్టుకతో వచ్చిన స్వభావం కాదు, రక్షణ పొందిన రాత్రే ఒక్కసారిగా దిగివచ్చినదీ కాదు. కొరతలోనూ సమృద్ధిలోనూ అభ్యాసంతో పట్టుబడినది. గలతీ పత్రిక 5వ అధ్యాయంలో ఆత్మఫలాల వరసలో ప్రేమ తరువాత వెంటనే సంతోషం పేరు రావడం కూడా ఇదే చెబుతుంది. ఫలానికి కాలం పడుతుంది.

ఆ ఫిలిప్పీ సంఘం పుట్టిన కథ అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయంలో ఉంది. రక్షణ పొందుటకు నేనేమి చేయవలెనని చెరసాల అధికారి వణుకుతూ అడుగుతాడు. ఆ రాత్రే ఖైదీల గాయాలు కడుగుతాడు, ఇంటివారితో కలిసి బాప్తిస్మం పొందుతాడు, వారికి భోజనం పెడతాడు, ఇంటిల్లిపాదీ ఆనందిస్తారు. సిద్ధాంతపు ప్రశ్నతో మొదలైన రాత్రి గాయం కడగడం మీదుగా, అన్నం వడ్డించడం మీదుగా ఆనందానికి చేరింది. ఆనందం ఎలా వస్తుందని అడిగేవారికి ఈ వరుసలోనే జవాబు ఉంది.

ఈ విషయం శ్రీకాకుళం జిల్లాలో ఉద్దానం దగ్గర కఠినమైన పరీక్షకు నిలుస్తుంది. కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో మూత్రపిండాల వ్యాధి దశాబ్దాలుగా కుటుంబాలను కుంగదీస్తున్నది. దాని మూలకారణం ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను అదే ప్రాంతంలోని కొబ్బరి, జీడి తోటలను నేలమట్టం చేసింది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమైనా, డయాలసిస్ కోసం వారానికి రెండు మూడుసార్లు ఊరు దాటే ఇళ్లు ఎన్నో ఉన్నాయి. ఇలాంటి చోట, విశ్వాసం ఉంటే స్వస్థత తప్పదనీ, తగ్గకపోతే ఆ ఇంట పాపమో అవిశ్వాసమో ఉందనీ చెప్పే బోధ చేసే హాని మాటలకు అందనిది. జబ్బు ఒక భారం, జబ్బుకు తానే కారణమన్న నింద దాని మీద మరో భారం. పుట్టుగుడ్డివాడి విషయంలో పాపం చేసింది వాడా, వాడి తల్లిదండ్రులా అని శిష్యులు అడిగితే క్రీస్తు రెండూ కాదన్నాడు. తన శరీరంలోని ముల్లు తొలగించమని పౌలు ముమ్మారు వేడుకున్నా అది తొలగలేదు, కృప చాలునన్న జవాబు మాత్రమే వచ్చింది. త్రోఫిమును మిలేతులో రోగిగా విడిచివచ్చానని ఆయనే రాశాడు. ఈ వాక్యాలు పక్కనబెట్టి చేసే స్వస్థత ప్రసంగం సగం బైబిలును మూసివేసి చేసే ప్రసంగం. వైద్యం మానమనే బోధకైతే లేఖనంలో ఎలాంటి ఆధారమూ లేదు.

మరి రోజువారీ సాధన సంగతి. కృతజ్ఞత కలిగించే విషయాలను క్రమంగా రాసుకున్నవారిలో మానసిక క్షేమం మెరుగుపడినట్లు అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు రాబర్ట్ ఎమన్స్, మైకేల్ మెకల్లో 2003లో ప్రచురించిన అధ్యయనం చూపింది. పనికివచ్చే అలవాటే అది. అయితే లేఖనాల్లోని కృతజ్ఞత ఒంటరిగా పుస్తకంలో రాసుకోవడంతో ఆగదు. ద్వితీయోపదేశకాండం 16, 26 అధ్యాయాల్లో పంట చేతికొచ్చినప్పటి ఆనందాన్ని దేవుడు ఆజ్ఞగా ఇస్తాడు, అందులో పరదేశికీ తండ్రిలేనివాడికీ విధవరాలికీ వాటా ఉండాలంటాడు. ఉత్తరాంధ్రలో ఎన్నో ఇళ్లలో మగవారు పని కోసం హైదరాబాదుకో, చెన్నైకో, వేటపడవల మీద గుజరాత్ తీరానికో వెళ్లిపోతారు. ఇళ్ల దగ్గర వృద్ధులూ, స్త్రీలూ, పిల్లలూ మిగులుతారు. కోతకాలపు కృతజ్ఞతార్పణ నాడు మొదటి ధాన్యం గంపలు తెచ్చేవారితోపాటు, తేవడానికి ఏమీ లేనివారు కూడా అదే పంక్తిలో కూర్చుని తినే ఏర్పాటు ఉన్న సంఘంలో ఆ ఆజ్ఞ అక్షరాలా నెరవేరుతుంది. తెల్లవారుజామున ఇంట్లో ఒక కీర్తన పాడుకోవడం, అన్నం ముందు తొందరపడకుండా స్తుతించడం, ఆదివారం నాడు పనిని నిజంగా పక్కనపెట్టడం, మంచం పట్టినవారిని బోధించడానికి కాక కూర్చోవడానికి వెళ్లి పలకరించడం ఇటువంటివే. వీటిలో దేనికీ రక్షణ పోతుందా పోదా అన్నది ముందుగా తేలనవసరం లేదు.

సాక్ష్యాల సమయాన్ని నడిపే పద్ధతిలోనూ మార్పు అవసరం. చాలా కూడికల్లో జబ్బు తగ్గినవారు, ఉద్యోగం వచ్చినవారు, అప్పు తీరినవారు మాత్రమే లేచి నిలబడతారు. ఇంకా ఎదురుచూస్తున్నవారు తల వంచుకుని కూర్చుంటారు. కీర్తనల గ్రంథంలో మొర కీర్తనలు చాలా పెద్ద భాగం. వాటిలో 88వది వెలుగు మాటే లేకుండా చీకటితో ముగుస్తుంది, అయినా అది ఆరాధన పుస్తకంలో చోటు పొందింది. నెలకొక కూడికలో ఇటువంటి కీర్తన చదివి, జవాబు రానివారు కూడా తమ మొర పైకి చెప్పుకునే వీలు కల్పించడానికి ఖర్చేమీ లేదు. బాప్తిస్మానికి సిద్ధపరిచే తరగతుల్లో హెబ్రీ 6వ అధ్యాయాన్నీ రోమా 8వ అధ్యాయాన్నీ ఒకే వారంలో, ఒకే బోధకుడు, ఏదీ తగ్గించకుండా చెప్పగలిగితే ఆ అభ్యర్థులు పొరుగు సంఘానికి వెళ్లినప్పుడు కలవరపడరు. సందేహం వచ్చిన రోజున ఎవరి దగ్గరికి వెళ్లి మాట్లాడాలో, ఆ సంభాషణ గుట్టుగా ఉంటుందో లేదో కూడా ఆ తరగతిలోనే పాస్టరుగారు వారికి స్పష్టంగా చెప్పాలి.